చాదర్‌ఘాట్ బడి నుండి జకార్తా మైదానము దాకా



ఫుట్‌బాల్ క్రీడలో ఆటగాడుగా పేరుగాంచి, పిమ్మట శిక్షకుడుగా అంతకు మించిన కీర్తి నార్జించిన వారి ప్రస్తావన వచ్చినప్పుడెల్ల నేటి యువకులు ఇటలీ దేశీయుడైన కార్లో అంచెలొత్తీని తలంతురు. 1959లో రెజ్జోలో అను చిన్న పట్టణమున జన్మించి, పార్మా, రోమా, మిలాన్ జట్ల పక్షమున ఆడి, 1989, 1990 సంవత్సరములలో మిలాన్ ఆటగాండ్రలో ఒకడై ఐరోపా కప్పును చేపట్టి, తరువాత శిక్షకుడై అదే కప్పును మిలాన్‌కు రెండు మారులు, రియల్ మాడ్రిడ్‌కు మూడు మారులు సంపాదించి పెట్టిన ఆయన ఆ ప్రశంసకు సర్వవిధముల అర్హుడే. అయితే అంచెలొత్తీ తన గురువులలో ప్రముఖునిగా ఎంచిన అర్రీగో సాక్కీ మాత్రము ఏ పెద్ద జట్టులోను ఆడి యెరుగడు. తండ్రి నడుపుచుండిన పాదరక్షల వ్యాపారములో పనిచేసినవాడు. అట్టివాడు మిలాన్ జట్టును ఐరోపాలో అగ్రస్థానమున నిలిపి, 1994లో ఇటలీని ప్రపంచకప్ అంతిమ పోటీ దాకా నడిపెను. ఆడుట వేరు, ఆడించుట వేరు అను సంగతి ఈ గురుశిష్యుల చరిత్రలోనే స్పష్టమగుచున్నది.

ఈ రెండు తెగల వారును మనకు దూరమున లేరు. వరంగల్లునకు 150 కిలోమీటర్లలోపున ఉన్న హైదరాబాదులోనే పుట్టి, అక్కడి మట్టినేలలపై ఆట నేర్చి, భారతదేశపు జట్టును ఆసియాఖండమున ప్రథమ స్థానమున నిలిపిన శిక్షకుడొకరు, ఆ నగరముననే ఆటగాడై, నాయకుడై, తదుపరి శిక్షకుడైన మరియొకరు మన కుండిరి. మొదటివారు సయ్యద్ అబ్దుల్ రహీం గారు; రెండవవారు సయ్యద్ నయీముద్దీన్ గారు. క్రికెట్టు ఆటగాండ్ర జాతకములు కంఠస్థము చేసిన మన బాలురలో ఈ పేర్లు విన్నవారు ఎందరున్నారని యోచించినచో నాకు మిక్కిలి ఖేదము కలుగుచుండును. 2024లో రహీం గారి జీవితమును ఆధారముగా గొని ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వెలువడిన పిమ్మట కొంతమేరకు ఆ లోటు తీరినది గాని, చిత్రము చూపినది ప్రధానముగా విజయమును. ఆ విజయమునకు మూలమైన విద్యను గూర్చి చెప్పవలసినది ఇంకను మిగిలియున్నది.

రహీం గారు 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొనుచు ఆ విశ్వవిద్యాలయపు జట్టులో ఆడిరి. పట్టభద్రులైన తరువాత ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించి, కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలోను పిల్లలకు పాఠములు చెప్పిరి. నడుమ వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది ఆ బడులలోని ఆటపాటల బాధ్యతను గూడ వహించిరి. ఆటగాడుగా ఆయన కీర్తి నగరపు ఎల్లలు దాటలేదనియే చెప్పవలెను. కాని బడిపంతులుగా ఆయనకు అబ్బిన ఒక గుణము తరువాతి కాలమున ఎంతటి మైదానమునందైనను ఆయనను విడువలేదు. తరగతిలో నలుబదిమంది కూర్చుండిన యెడల ఎవనికి పాఠము అందినది, ఎవడు అందినట్లు నటించుచున్నాడు, ఎవనికి మందలింపు కావలెను, ఎవనికి బుజ్జగింపు కావలెను అని ముఖము చూచియే గుర్తుపట్టు గుణము అది. తరువాతి కాలపు ఆటగాండ్రు ఆయనను ‘రహీం సాబ్’ అని పిలుచుటలో శిక్షకుని యెడల ఉండు భయముకన్న పంతులుగారి యెడల ఉండు గౌరవమే అధికముగా వినబడుచుండెను.

ఆ కాలమున హైదరాబాదు నగర పోలీసుల జట్టు ఆయన చేతికి వచ్చెను. ఆయన పోలీసు శాఖలోని వారు కారు. పగలు బడి, తక్కిన వేళ మైదానము. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా ఉండి, మరణపర్యంతము ఆ భారమును మోసిరి. ఆయన చేతిలో పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును వరుసగా ఐదేండ్లు గెలుచుకొనెను. 1950 డ్యూరండ్ కప్పు అంతిమ పోటీలో కలకత్తా మోహన్ బగాన్‌తో 2-2 గోళ్లతో సమముగా నిలిచి, తిరిగి జరిగిన పోటీలో 1-0తో జయించి, ఆ కప్పును దక్షిణాపథమునకు తెచ్చెను. ఫుట్‌బాల్ అనగా కలకత్తాయే అని దేశమంతయు నమ్మియున్న ఆ దినములలో, లాఠీ పట్టి వీధులలో తిరుగు కానిస్టేబుళ్లతో కూడిన ఒక జట్టు ఆ నమ్మకమును సడలించుట సామాన్య విషయము కాదు.

ఇంతటి ఫలితమును ఆయన ఏ మంత్రముచే సాధించిరి? ఈ ప్రశ్నకు సమాధానమును నేను ఆయన గెలిచిన కప్పులలో గాక, ఆయన హైదరాబాదు బాలురకై ఏర్పాటు చేసిన విచిత్రమైన పోటీలలో చూచుచున్నాను. బంతిని కాలితో నడిపించుకొనుచు పోరాదు, వచ్చినది వచ్చినట్లే తోటివానికి అందింపవలెను అను నియమముతో కొన్ని పోటీలు జరిపించిరి. బలహీనమైన కాలితోనే ఆడవలెను అను నియమముతో మరికొన్ని జరిపించిరి. నిర్ణీతమైన ఎత్తునకు లోబడిన పిల్లలు మాత్రమే ఆడదగిన పోటీలును నడిపించిరి.

ఈ బలహీనమైన కాలి ఆటను, అనగా అనేకులకు ఎడమకాలి ఆటను గూర్చి కొంచెము నిలిచి యోచింతము. పుట్టుకతో కుడికాలి వాటము గల బాలుడు బంతి తన యెడమ ప్రక్కకు వచ్చినంతనే ఏమి చేయును? దానిని కుడికాలికి మార్చుకొనుటకై ఒక అడుగు వెనుకకు వేయును, నడుమును త్రిప్పును, తల వంచి బంతినే చూచును. ఈ పని అరక్షణములో ముగిసినను ఆ అరక్షణము చాలును. ఎదుటివాడు మీదికి వచ్చి పడును, అందుకొనవలసిన తోడివాడు దాటిపోవును. కుడికాలితో తన్నిన తన్నునకు విలువ లేదని చెప్పి అదే బాలుని ఒక మాసము ఆడించినచో, మొదటి వారము నవ్వుల పాలగును, రెండవ వారము తడబడును, మాసము తిరుగునప్పటికి బంతి ఏ ప్రక్క వచ్చినను శరీరమును త్రిప్పక తల యెత్తియే ఆడుట నేర్చును. నీతిబోధ గాని తిట్టు గాని లేకుండ, ఆట నియమమును ఒక్కదానిని మార్చుటచేతనే పిల్లవాని దేహమునకు పాఠము చెప్పిన ఈ పద్ధతి నిజమైన ఉపాధ్యాయునికి మాత్రమే తోచునట్టిది. బంతిని కాలియొద్ద నిలుపుకొనరాదను పోటీయు ఇట్టిదే. మన వరంగల్లు కొత్తవాడలో జంఖానా నేయు మగ్గముపై నాడె ఒక చేతినుండి మరియొక చేతికి పోవుచుండగానే నేత సాగునట్లు, బంతి ఎవని వద్దను ఆగక ప్రవహించుచుండగానే ఆట అల్లుకొనును. ఆ ప్రవాహమును పోలీసు జట్టులో చూచినవారు దానినే హైదరాబాదు ఆట యని మెచ్చుకొనిరి.

సికిందరాబాదు ప్రక్కనున్న అమ్ముగూడలో 1936లో జన్మించిన తులసీదాస్ బలరాం రహీం గారి దృష్టికి చిక్కిన రత్నము. నిరుపేద కుటుంబపు బిడ్డ. నగరములోని శిబిరమునకు ప్రతిదినము వచ్చుటకు ప్రయాణపు ఖర్చులకైనను తాహతు లేదని అతడు చెప్పగా, రహీం గారు అద్దె సైకిలునకు పైకము తామిచ్చి రప్పించుకొనిరి. ఆ సైకిలుపై వచ్చిన బాలుడే 1956లో మెల్‌బోర్న్, 1960లో రోము ఒలింపిక్సులలో ఆడి, 1962లో ఆసియా విజేతల జట్టులో ఉండెను. అతనికి ఆట మానివేయవలసిన గతి పట్టినది అనారోగ్యము వలన. అప్పటికి ఇరువదియేడేండ్ల వయస్సైనను నిండలేదు. జీవితపు శేషభాగమును వంగదేశమున హుగ్లీ తీరమందలి ఉత్తర్‌పాడాలో గడిపి, 2023 ఫిబ్రవరి 16న దివంగతుడయ్యెను. మన తెలంగాణపు బిడ్డను కలకత్తా ప్రజలు తమవానిగా భావించి కన్నీరు విడిచిరి; మనవారికి ఆ వార్త యెంతవరకు చేరినదో నేను చెప్పజాలను.

ఇక దేశపు జట్టు మాట. రహీం గారు భారత జట్టునకు శిక్షకులైన కొలదికాలమునకే, 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మనవారు అంతిమ పోటీలో ఇరానును 1-0తో గెలిచి స్వర్ణపతకము నందుకొనిరి. మరుసటి యేట హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేత 10-1 గోళ్లతో ఓడిరి. చలిదేశమున, తడిసిన పచ్చికపై, మనవారిలో అనేకులు జోళ్లు లేక ఆడిరి. ఆ పరాజయము పిమ్మట జోళ్లు తొడిగియే ఆడవలెనని దేశపు ఫుట్‌బాల్ సంఘము నిర్ణయించెను. బరికాళ్లతో ఆడుట మన ప్రత్యేకత యని గర్వించువారు అప్పుడు అనేకులుండిరి. రహీం గారు ఆ గర్వమునకు లోనుగాక, ఓటమిని పాఠముగా తీసికొని, నాలుగేండ్లలో సర్వవిధముల క్రొత్తదైన జట్టును నిర్మించిరి.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆ జట్టు ఆతిథ్యదేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించెను. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు చేసెను. సెమీ ఫైనలునకు చేరిన మొదటి ఆసియా దేశము మనదే. అచ్చట యుగోస్లావియాపై మొదటి గోలు గూడ మనవారే చేసిరి. కాని 4-1తో ఓడిరి. కాంస్యము కొరకైన పోటీలో బల్గేరియాతో 3-0తో ఓడి నాలుగవ స్థానమున నిలిచిరి. ఆ నాలుగవ స్థానమును నేటి వరకును మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్సులలో దాటలేదు. పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, అజీజ్, సలాం, జుల్ఫికరుద్దీన్, బలరాం మొదలగువారు ఆ జట్టులోని హైదరాబాదీయులు. ఒక్క నగరము నుండి ఇందరు దేశపు జట్టులో చేరుట తలంచిన కొలదియు ఆశ్చర్యము గొలుపును.

1960లో రోము ఒలింపిక్సునకై మనవారు ఇటలీ దేశమునకు వెడలిరి. లాక్విలా పట్టణమున హంగరీతో 2-1తో ఓడినను మన పక్షపు గోలు బలరాముదే. గ్రొసెట్టోలో ఫ్రాన్సును 1-1తో నిలువరించిరి, ఆ గోలు జట్టు నాయకుడైన పి.కె. బెనర్జీది, పెస్కారాలో పెరూ చేత 3-1తో ఓడిరి, అందు మన గోలు తిరిగి బలరాముదే. అమ్ముగూడ కుర్రవాని పేరు ఇటలీ పట్టణములలో మారుమ్రోగిన ఆ వేసవిని గూర్చి మన పాఠ్యపుస్తకములలో ఒక పాఠమైనను ఉండదగును.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం గారి ఊపిరితిత్తులలో రాచపుండు పుట్టి ప్రాణాంతకమగుచుండెను. ఆ స్థితిలోనే ఆయన జట్టును వెంటబెట్టుకొని వెళ్లిరి. అక్కడి పరిస్థితియు అనుకూలము గాదు. ఇజ్రాయేలు, తైవాను దేశములను ఆ క్రీడలకు రానీయకుండుటను మన దేశపు ప్రతినిధి జి.డి. సోంధీ గారు తప్పుపట్టగా, జకార్తా వీధులలో భారతీయులపై ఆగ్రహము చెలరేగి, మన రాయబార కార్యాలయముపై గూడ దాడి జరిగెను. ఆటగాండ్రు ప్రయాణించు బస్సుపై దేశపతాకము తీసివేయవలసి వచ్చెను. తలపాగా చూచి గుర్తుపట్టుదురేమో యని మన ఆటగాడు జర్నైల్ సింగు బస్సు నేలపై పడుకొని ప్రయాణించెను.

మొదటి పోటీలో దక్షిణ కొరియా చేత 2-0తో ఓడిరి. పిమ్మట థాయిలాండును 4-1తోను, జపానును 2-0తోను గెలిచిరి గాని, థాయిలాండుతో ఆడునప్పుడు జర్నైలు తల పగిలి కుట్లు పడెను. జర్నైలు మన రక్షణ పంక్తికి కోట వంటివాడు. తలతో బంతిని కొట్టుట అతని ప్రధాన బలము, ఇప్పుడా తలకే గాయము. ఇచ్చటనే రహీం గారి బుద్ధికుశలత చూడదగినది. సామాన్య శిక్షకుడు అతనిని కూర్చుండబెట్టి యుండును. రహీం గారు అట్లు చేయక, రక్షణ బాధ్యతను అరుణ్ ఘోష్ మొదలగువారికి అప్పగించి, జర్నైలును ముందు పంక్తికి పంపిరి. వెనుక నున్నవాడు గాలిలో నుండి దిగు ప్రతి బంతికిని తల యొడ్డవలెను, తప్పించుకొనుటకు వీలులేదు. ముందున్నవానికి ఏ బంతికి ఎగురవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛ కొంత యుండును. దృఢకాయుడైన అతనిని కనిపెట్టుటకు ఎదుటివారు ఇద్దరిని కేటాయింపవలసి వచ్చును. సెమీ ఫైనలులో దక్షిణ వియత్నాంపై మనవారు చేసిన మూడు గోళ్లలో ఒకటి ఆ గాయపడిన రక్షకునిదే. 3-2తో గెలిచిరి.

సెప్టెంబరు 4వ తేదీన తిరిగి దక్షిణ కొరియాతోనే అంతిమ పోటీ. సెనయాన్ క్రీడాంగణమున ఇంచుమించు లక్షమంది ప్రేక్షకులు. వారిలో మన మేలు కోరినవారు అరుదు. ఆ దినము మన పక్షమున కేకలు వేసినవారు పాకిస్తాను హాకీ ఆటగాండ్రు అనుట చరిత్రలో నిలువదగిన విశేషము. ఫ్లూ జ్వరముతో మునుపటి పోటీలకు దూరమైన తంగరాజు అంతిమ పోటీకి గోల్‌కీపరుగా తిరిగి నిలిచెను. పదునేడవ నిమిషమున పి.కె. బెనర్జీ, ఇరువదవ నిమిషమున జర్నైలు సింగు గోళ్లు చేసిరి. కొరియా వారు ఆట ముగియవచ్చునప్పుడు ఒక గోలు తీర్చుకొనిరి. చునీ గోస్వామి నాయకత్వమున భారతదేశము 2-1తో స్వర్ణపతకము గెలిచెను. తొమ్మిది నెలలు తిరిగినవో లేదో, 1963 జూన్ 11వ తేదీన రహీం గారు కన్నుమూసిరి. ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణము మనకు తిరిగి లభింపలేదు.

ఆయన విద్య మాత్రము ఆయనతో పోలేదు. పి.కె. బెనర్జీ ఆట విరమించి శిక్షకుడై, కలకత్తా మహాజట్లను ఏండ్ల తరబడి నడిపి, 1977లో పేలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టును మోహన్ బగాన్ 2-2తో నిలువరించునట్లు చేసెను. ఆటగాండ్ర మనస్సును మాటలతో ఉత్తేజపరచు నేర్పులో రహీం సాబే తనకు గురువని అతడు చెప్పుకొనుచుండెను. రహీం గారి కుమారుడు ఎస్.ఎస్. హకీం రోము ఒలింపిక్సు జట్టులో ఉండి, తరువాత వాయుసేనాధికారియై, అంతర్జాతీయ రిఫరీయై, శిక్షకుడై 2021 వరకు జీవించెను.

నయీముద్దీన్ గారు 1944లో హైదరాబాదులో జన్మించి, నగర పోలీసు జట్టులో ఆడి, కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ జట్ల రక్షణ పంక్తిలో పేరు గడించిరి. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో ఆయన నాయకత్వమున భారత జట్టు జపానును 1-0తో గెలిచి కాంస్యపతకము పొందెను. ఆ ఏడే ఆయనకు అర్జున పురస్కారము లభించెను. ఆ పిమ్మట శిక్షకుడై, 1990లో ఈస్ట్ బెంగాల్ చేత ఐ.ఎఫ్.ఏ. షీల్డు, డ్యూరండ్, రోవర్స్ కప్పులు మూడింటిని ఒకే సంవత్సరమున గెలిపించిరి. ఆ సంవత్సరమే ద్రోణాచార్య పురస్కారమును పొందిరి. 1997లో ఖాట్మండులోను, 2005లో కరాచీలోను దక్షిణాసియా దేశముల కప్పును మన దేశమునకు తెచ్చిన జట్లకు శిక్షకులు ఆయనే. ఆయన క్రమశిక్షణ కఠినమైనదని ఆటగాండ్రు చెప్పుకొనిరి. కఠినమగుట నిజమే కావచ్చును. కాని అర్జునుడును ద్రోణుడును తానే అయిన ఫుట్‌బాల్ క్రీడాకారుడు మన తెలంగాణమున ఆయన తప్ప వేరొకరు నాకు కానరారు. 1974లో ఆసియా యువజన కప్పును ఇరానుతో పంచుకొన్న భారత జట్టు నాయకుడైన షబ్బీర్ అలీ గారును హైదరాబాదు వారే; శిక్షకుడై 1998-99లో గోవాకు చెందిన సల్గావ్‌కర్ జట్టును జాతీయ లీగు విజేతగా నిలిపిరి.

ఇంతమందిని ఇచ్చిన గడ్డపై నేడు ఫుట్‌బాల్ క్షీణించియున్నది. క్షీణతకు క్రికెట్టు ప్రాబల్యమొకటే కారణమని నేను తలంపను. ఆనాడు హైదరాబాదులో బడికి బడికిని, పేటకు పేటకును పోటీలుండెను. ఆ పోటీలను దినదినము కనిపెట్టి చూచు ఒక పంతులు గారుండిరి. ఆయన పోయిన తరువాత కప్పులను లెక్కించినవారు అనేకులు గాని, ఆ పోటీలను అదే శ్రద్ధతో నిలిపినవారు లేకపోయిరి. మన ఓరుగల్లు ప్రాంతమున హనుమకొండలోని జవహర్‌లాల్ నెహ్రూ క్రీడాప్రాంగణమున్నది, బడి ఆవరణలలో ఖాళీ నేలకు కొదువ లేదు, వ్యాయామోపాధ్యాయులున్నారు. వారికి నాదొక మనవి. పచ్చిక పరచిన మైదానమునకై, ఖరీదైన జోళ్లకై ఎదురుచూడక, రాబోవు దసరా సెలవులలో ఎనిమిదవ తరగతి లోపు బాలబాలికలకు ఎడమకాలి పోటీయొకటి పెట్టి చూడుడు. జట్టునకు ఏడుగురైనను చాలును, ఆటకు ఇరువది నిమిషములు చాలును. పుట్టుకతోనే ఎడమకాలి వాటము గలవారు ఉన్నచో వారిని ముందుగనే కనిపెట్టి కుడికాలితో ఆడింపుడు. బలమైన కాలితో చేసిన గోలును, అది ఎంత సొగసైనదైనను, లెక్కింపవద్దని రిఫరీకి గట్టిగా చెప్పి యుంచుడు.